వేడి మోటారు

మార్చి 3

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: నా స్టీలు గ్లాసులో టీ తాగినవారి పేరు ఇకపై ఈ డైరీలో బూతులతో సహా నమోదు చేయబడును. మొదటి ముద్దాయి మా బావమరిది.

మార్చి 6

మా గుండీల ఫ్యాక్టరీకి మూడు నెలలుగా ఆర్డర్లు లేవు. నాది ప్యాకింగు, బావమరిదిది మూడో నంబరు మిషను. ఇద్దరమూ ఈగలు తోలుతున్నాం. పడుకున్న దేశాన్ని లేపడానికి ప్రభుత్వం కొత్త స్కీము పెట్టింది. నడిచే ఫ్యాక్టరీకి సగం జీతాలు సర్కారే ఇస్తుంది. ఆగినదాన్ని లిస్టులోంచి కొట్టేస్తుంది.

మార్చి 7

స్కీము ఆఫీసు గుమస్తా టీ కొట్టు దగ్గర కలిశాడు. ఇన్‌స్పెక్టరు రిజిస్టర్లు చూడడట. చెప్పాపెట్టకుండా వచ్చి మోటారు మీద అరచెయ్యి పెడతాడట. వేడిగా ఉంటే సరే, చల్లగా ఉంటే తాళమే. ఓనరు చెవిన వేశాను. ఆ మొహం చూసి తీరాలి!

మార్చి 8

ఎనిమిది మిషన్లూ తిరుగుతున్నాయి. ముడిసరుకు లేదు, ఉత్తినే డబడబా కొట్టుకుంటున్నాయి. ఓనరు గంటకోసారి మోటార్లకు జ్వరం చూస్తున్నాడు. నవ్వాపుకోలేక ప్యాకింగు గదిలోకి పారిపోయాను.

మార్చి 15

అరచెయ్యి కబురు చెప్పుల ఫ్యాక్టరీకీ, గొడుగుల ఫ్యాక్టరీకీ కూడా పాకింది. వీధంతా ఒకటే మోత. భోజనాల వేళ కూడా ఆపడం లేదు.

మార్చి 19

మా పేటలో కరెంటు వాడకం రెట్టింపైందనీ, దేశం లేచి కూర్చుందనీ మంత్రి టీవీలో చెప్పాడు. ఓనరు చప్పట్లు కొట్టాడు. ఇక్కడ ఒక్క గుండీ పుట్టలేదు.

మార్చి 20

మూడో నంబరులో కాలిన వాసన వస్తోంది, కాసేపు ఆపుతానన్నాడు బావమరిది. మిషను ఆపితే నీ కూడూ ఆగుతుందిరా అని ఓనరు కసిరాడు. వాడు నా దగ్గరికొచ్చి, బావా, నీకు తెలిసినవాడేగా ఆ గుమస్తా, అరగంట ఆపితే ఏమవుతుందో కనుక్కోకూడదూ అన్నాడు. కనుక్కుంటాలే అన్నాను.

మార్చి 21

కనుక్కోలేదు.

మార్చి 22, మధ్యాహ్నం రెండు

మోటారు అంటుకుంది. స్విచ్చు కట్టేయడానికి బావమరిదే ముందు ఉరికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. వేళ్ల సంగతి రేపు చెప్తానన్నాడు డాక్టరు. మా ఆవిడ తమ్ముడి మంచం వదిలి కదలడం లేదు. మిగతా ఏడు మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి.

మార్చి 24

వేళ్లు తీసేశారు. మెలకువ రాగానే వాడు అడిగింది ఒక్కటే. ఆ గుమస్తా ఎలా ఉంటాడు బావా, ఆనవాలు చెప్పు, వాడి కాలరు పట్టుకుని అడగాలి అన్నాడు. పొట్టిగా ఉంటాడు, బట్టతల, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ అని చెప్పాను.

మార్చి 25

అలాంటి మనిషి లేడు. ఆ రోజు టీ కొట్టు దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.