ఏడో పాటలో అన్నయ్య ఆగిన చోట్లు

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నేను, ఒంట్లో ఓపిక లేకపోయినా బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఆసుపత్రి మంచం మీద ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది లేదు. రాసేంత ఆస్తీ లేదు.

1. నా పుస్తకాలన్నీ నేను చదివిన కాన్వెంటు లైబ్రరీకి. అక్కడి సిస్టర్లు నన్ను గొంతు తగ్గించమన్నారు. మళ్ళీ పెంచమని చెప్పడం మరిచిపోయారు. అందుకే ఇదంతా కాగితం మీద.

2. నా గొడుగు ప్రెస్సు ఫోర్‌మన్‌కి. ప్రతి వానకీ అడిగి పట్టుకెళ్తాడు. ఇక అడగనక్కర్లేదు.

3. అన్నయ్య రాక్ బ్యాండు చివరి ఆల్బం ‘పది చిన్న పాటలు’, దాని అసలు టేపు వదినకు ఇవ్వాలనుకున్నాను. “నీది కానిది ఎలా రాసిస్తావమ్మా?” అన్నారు లాయరమ్మ. టేపు అన్నయ్యది. ఇల్లు మారేటప్పుడు చెత్తలో పారేస్తానంటున్నాడు. కనుక ఈ అంశం కొట్టివేయడమైనది. కారణం మాత్రం ఉంచుతున్నాను.

వాళ్ళది ఒక్కో పాట అరగంట సాగే బ్యాండు. అన్నయ్య కీబోర్డు మొదలుపెడితే జనం కళ్ళు మూసుకుని తాళం లెక్కపెట్టేవారు. గాయని వదిన. ఆమె ఈ పది చిన్న పాటలూ రాసింది, బ్యాండులో అందరూ సరేనన్నారు. వాటిని పాడిన మొదటి కచేరీలో అభిమానులు వీపు తిప్పి కూర్చున్నారు. “నమిలి ఊసేసే చూయింగ్ గమ్ పాటలు” అన్నారు. అన్నయ్య కూడా అదే పట్టుకున్నాడు: “నీ చూయింగ్ గమ్ వల్లే బ్యాండు మూతపడింది.” అప్పటినుంచి వదిన వంటింట్లో కూడా కూనిరాగం తీయదు.

మొన్న నా దగ్గరున్న ఆ ఆల్బం క్యాసెట్టు మళ్ళీ విన్నాను. మూడోదీ తొమ్మిదోదీ నిజంగానే బాగోలేవు. ఏడో పాటలో మాత్రం వదిన ఊపిరి తీసుకునే ప్రతిచోటా అన్నయ్య వేళ్ళు ఆగాయి. అరగంట పాటల్లో అతను ఎవరికోసమూ ఆగలేదు.

“హుషారు పాటేగా, ఏడుస్తావేంటి పిల్లా?” అంది నర్సు.

అన్నయ్య చూడ్డానికొస్తే చెబుదామనుకున్నాను. “మందులేసుకున్నావా?” అన్నాడు. వేసుకున్నానన్నాను.

4. క్యాసెట్టూ ప్లేయరూ వదినకి. మూత సరిగ్గా పడదు, బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి.

5. ఈ వీలునామా అమలు బాధ్యత అన్నయ్యది. దీన్ని వదిన ఎదుట పైకి చదవాలి. చదవకపోతే ఏం చేయగలమని అడిగాను. “ఏమీ చేయలేం” అన్నారు లాయరమ్మ. ఇక్కడిదాకా చదివి ఉంటే, అన్నయ్యా, వదినవైపు తిరిగి ఇది కూడా చదువు: “నువ్వు పాడుతుంటే విన్నాను. అందుకే ఆగాను.”

జూన్ పదకొండు, బుధవారం

సంతకం: చిట్టి

నేను సంతకం చేస్తుండగా చూసినవారు: వార్డు నర్సు, పక్క మంచం కుట్టుపనావిడ