ఫాదర్‌గారింటి మజ్జిగ నేల

గురువారం, దోహా లేబర్ క్యాంప్.

ఈరోజు నవ్వీ నవ్వీ పొట్ట నొచ్చింది. మేం కడుతున్న చర్చి ఫాదర్‌గారింట్లో ఒక గదికి సుద్ద నేల వేయాలని ఇంగ్లిష్ ఇంజినీరు ముచ్చటపడ్డాడు. వాళ్ల ఊళ్లో వందల ఏళ్లనాటి ఫాదర్ల ఇల్లు ఉందట. కర్ర చట్రం, గడ్డి కప్పు. నేలకు సుద్ద పోసి, దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పట్టించారట. మా తాత సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపేవాడని చెబితే నన్ను వాటేసుకున్నాడు.

సుద్ద గట్టిపడ్డాక, మజ్జిగ తెమ్మని మా హెల్పర్ గంగారాంను పంపాను. బకెట్ నిండా లబన్, అదే ఇక్కడి మజ్జిగ, తెచ్చాడు. పోయబోతూ ఎందుకో నాలుకకు రాసుకున్నాను.

"ఉప్పేసినవారా?"

"మజ్జిగన్నవ్ గద అన్నా! పచ్చిమిర్చి గూడ ఏసిన."

ఉప్పు తగిలితే నేల తెల్లగా పొంగి, పొరలు లేచేది. సంగతి చెబితే ఇంజినీరు గ్లాసు పట్టుకొచ్చాడు. బకెట్ అందరం కలిసి తాగేశాం. ఉప్పు లేనిది మళ్లీ తెచ్చి నేలకు పట్టించాం.

ఆరాక పగులుతుందేమో... శనివారం దాని మీద చెప్పులు విడిచి ముందు నన్నే నడవమన్నాడు ఇంజినీరు. దోహాలో ఎన్ని మేడలకు నేలలు వేశానో! పూర్తయ్యాక ఒక్కదాని మీదా కాలు పెట్టనివ్వలేదు.

ఇంకా రెండు రోజులున్నాయి. కాళ్లు మాత్రం ఇప్పుడే రుద్ది కడుక్కున్నాను.