పెట్టె మీద పిట్ట

అమ్మా, నేను కులాసా. దిగులు పెట్టుకోకు.

గాజు గ్లాసుల పెట్టెలు విప్పి చూసి, పగుళ్లు లేకపోతే టిక్కు పెట్టడం నా పని. విసుగొచ్చి ఆ టిక్కుకే ముక్కూ తోకా తగిలించి పిట్టను చేసేదాన్ని. మేస్త్రీ "ఇదేమన్నా నీ పలకా?" అని కేకలేస్తే మానేసి ఉత్త టిక్కులు పెట్టాను. నిన్న లారీకెత్తేవాళ్లు పెట్టెలన్నీ తిప్పి పంపారు.

"పిట్టల్లేవుగా, ఎవరూ చూళ్లేదనుకున్నాం!"

మేస్త్రీ నెత్తి కొట్టుకుని, "గీసుకో తల్లీ" అన్నాడు. ఇప్పుడు పొద్దు ఇట్టే గడుస్తోంది.

అటక మీది నా రంగు పెన్సిళ్లు పంపు. చెల్లి కళ్లద్దాలు బాగుచేయించావా? నాన్నకు నమస్కారాలు.

ఈ ఉత్తరం మూలనున్న పిట్టను, నాలో ఏ పగుళ్లూ లేవని రెండుసార్లు చూసుకునే గీశాను. నీ మోకాలి నొప్పి తగ్గితే జాబులో నువ్వూ ఒకటి గీయి. తగ్గకుండా గీశావో, ఊరుకోను.

నీ పెద్దది