నాన్న కాల్చని బీడీ

మంగళవారం, రాత్రి

ఛాతీ డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టారు.

"పుట్టుకతో వచ్చిన లోపమండి. ఊపిరితిత్తుల్ని కాపాడే ప్రొటీను మీ ఒంట్లో సరిగ్గా తయారవదు. ఆ లోపమున్న జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చింది. మీ నాన్నగారిదీ ఇదే జబ్బయి ఉంటుంది. బీడీ ముట్టనివాళ్లకీ వస్తుంది. మీరు ముందు ఆ మిరప దుమ్ముకి దూరంగా ఉండండి."

ఆయనకేం, చెప్తారు. మిర్చి యార్డులో కాటా వెయ్యడం తప్ప నాకేం వచ్చు?

నాన్న ఉన్నన్నాళ్లూ, ఆయన దగ్గినప్పుడల్లా అమ్మ ఆయన చొక్కా వాసన చూసేది, జేబులు వెతికేది. ఒక్క బీడీ కూడా దొరకలేదు. అయినా నమ్మలేదు. ఆ పోరు పడలేక నాన్న ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి, దొంగచాటుగా కాలుస్తున్నానని ఒప్పేసుకున్నాడు. నేనూ నమ్మాను. సిగ్గుతో తల దించుకున్నాను.

ఇప్పుడు అమ్మకి ఏమని చెప్పను? నాన్న బీడీ ముట్టనే లేదనా, నా జబ్బులో సగం నీదేననా?

సాయంత్రం గుమ్మంలోనే దగ్గు తెర వచ్చింది. అమ్మ దగ్గరికొచ్చి నా చొక్కా వాసన చూసింది.

"నిజం చెప్పరా. నువ్వూ మొదలెట్టావా?"

కాగితం జేబులోనే ఉంది. అమ్మ చెయ్యి జేబు మీదికి వచ్చింది. ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"అవునమ్మా, కాలుస్తున్నాను," అన్నాను.