కింద క్షేమం

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ క్షేమం లేదు. అక్కడి క్షేమం మీ అక్క మొహం చూస్తే నీకే తెలుస్తుంది, రాయక్కర్లేదు.

నీకు టైల్స్ గోడౌన్ ఉన్నందుకు ఇన్నాళ్లకి నాకు నీతో పని పడింది. వంటింటి గోడకి టైల్స్, ఒక సింకు, కిటికీకి పెద్ద అద్దం వెంటనే లారీకి వెయ్యి. వెంటనే అంటే ఈ ఉత్తరం చదివాక కాదు, చదువుతుండగానే. పాత వంటిల్లు పడగొట్టించిన రోజున వారంలో కొత్తది లేపేస్తానన్నాను. ఎన్ని వారాలు పోయాయో నేను లెక్కపెట్టడం మానేశాను. మీ అక్క మాత్రం లెక్కపెట్టింది. "గోడలు లేచాక కబురు చెయ్యండి" అని పెట్టె సర్దుకుని నీ దగ్గరికి వచ్చేసింది. టైల్స్ రంగు దగ్గర కూడా కాస్త మాటా మాటా అనుకున్నాంలే. తను లేతాకుపచ్చ అంది. మరకలు కనపడవని నేను బూడిదరంగు ఖాయం చేశాను. "పొయ్యిలో బూడిద చాలదా, గోడకి కూడానా" అంది. నువ్వు బూడిదరంగే పంపు.

నేనే వచ్చి తెచ్చుకుందును గానీ, ఒక్కరోజు కదిలితే మేస్త్రీ కిటికీ ఉండాల్సిన చోట తలుపు పెడతాడు. మొన్న భోంచేసి వచ్చేలోపు ఒకటి పెట్టాడు కూడా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్లాలో తోచదు. హారన్ వినపడితే చాలు వీధిలోకి పరిగెడుతున్నాను.

ఇట్లు,
కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న నీ బావ

తా.క.: మీ అక్క నా గురించి అడిగిందా? అడక్కపోతే నేను అడిగానని చెప్పకు.

*

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదువుతుండగానే సరుకు ఎక్కించాం. చివరి పేజీ లారీలోనే చదివాను.

టైల్స్ పెట్టెల్లో వేశాం. ఒక్కొక్కటీ నిలబెట్టి, మధ్యన ఎండుగడ్డి కూరాం. సింకు వేరే గోనెలో ఉంది. అద్దం మాత్రం ఇలా వెయ్యలేను బావా. అంత పెద్ద అద్దాన్ని దారంతా ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. మనిషి దొరగ్గానే పంపుతాను. డ్రైవర్ని అందరూ మెరుపు అంటారు. వేగంగా తోలతాడేమోనని కంగారుపడకండి, ఒకసారి కనపడి మాయమవుతాడు కాబట్టి ఆ పేరు.

అక్క ఊరికే కూర్చోలేక గోడౌన్‌లోకి దిగింది. ఇప్పుడు ప్యాకింగ్ అంతా తన చేతిమీదే. తను వచ్చాక దారిలో పగిలే సరుకు సగానికి సగం తగ్గింది. నా గోడౌన్‌లో నేనే పక్కకి తప్పుకుని నడుస్తున్నాను.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

తా.క.: అక్క మిమ్మల్ని అడగలేదు. పూటపూటా తింటున్నారో లేదో చూసి రమ్మని మెరుపుకి మాత్రం చెప్పింది. నేను విన్నానని చెప్పకండి.

*

బావమరిదికి,

ఆశీర్వాదం ఈసారికి లేదు.

పెట్టె మూతకి సందులు వదిలారు చూడు, అందులోంచే కనపడింది నీ నిర్వాకం. పైనున్న టైలు రెండు ముక్కలు! రెండో పెట్టె మీదా అదే, మూడో దాని మీదా అదే. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి గిన్నెంతా పిసకాలా? ఒక్క మెతుకు చాలు. అన్ని పెట్టెలూ తిరుగు లారీలో పంపించేస్తున్నాను.

అయినా ఒక సంగతి అడుగుతాను. మీ అక్క వచ్చాక పగిలే సరుకు సగం తగ్గిందన్నావు. మిగతా సగం నాకే ఎలా వచ్చింది? వంటిల్లు తయారైతే మీ అక్క వెళ్లిపోతుంది, చేతికంది వచ్చిన మనిషి పోతుందని నీ ఎత్తు కాదుగదా?

ఈసారి పైన పగిలిన టైలు ఒక్కటి కనపడినా నీకూ నాకూ రామ్ రామ్.

ఇట్లు,
బావ

తా.క.: గడ్డి మాత్రం మూత సందుల్లోంచి లాగి ఉంచుకున్నాను. మేస్త్రీకి నడుంనొప్పి, పడుకోవడానికి మెత్తగా ఉందన్నాడు. సింకులో అతని లుంగీ నానుతోంది, అందుకని అదీ పంపలేదు.

*

బావగారికి నమస్కారాలు.

అయ్యో బావా, ఎంత పని చేశారు! ఆ మెతుకు మేం కావాలని పెట్టిన మెతుకు.

మా గోడౌన్‌లో ప్రతి పెట్టె మీదా ముందే పగిలిన టైలు ఒకటి పెడతాం. హమాలీలు మూత సందుల్లోంచి చూసి, "అమ్మో, ఇప్పటికే పగిలింది, ఇంకోటి పగిలితే మన నెత్తిన పడుతుంది" అని ఒళ్లు దగ్గర పెట్టుకుని దించుతారు. సరుకు దక్కించుకునే ఉపాయం అది. తీసుకునేవాళ్లు కంగారుపడకుండా దానిమీద ఎర్రసుద్దతో "కింద క్షేమం" అని రాస్తాం. గుమ్మడికాయంత అక్షరాలు. కళ్లజోడు పెట్టుకోలేదా?

మీరు పంపిన పెట్టెలు నిన్న చేరాయి. వెళ్లేటప్పుడు పైన ఒక్కటే పగిలింది. గడ్డి తీసేశారుగా, వచ్చేటప్పటికి అది తప్ప అన్నీ పగిలాయి.

సరే, మీ మాటే నెగ్గనివ్వండి. కొత్త పెట్టెల్లో పైన పగిలింది పెట్టలేదు. మూతకి సందు కూడా లేకుండా పలకలు బిగించాం. తొందరగా కట్టించండి బావా. అక్కని అట్టేపెట్టుకోవడమా? నిన్న మా ఇంట్లో చెంచాలన్నిటినీ నిలబెట్టి సర్దింది. మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీ ఉత్తరం పైకే చదివాను. అక్క తలుపు చాటున ఉందని తర్వాత తెలిసింది.

*

బావమరిదికి,

నీ కొత్త పెట్టెలు వచ్చాయి. వచ్చాయంటే, చప్పుడు వచ్చింది. మొదటిసారి పసిపాపని దించినట్టు దించిన హమాలీలే, ఈసారి గట్టి మూత చూసి "దీనికేం కాదెహె" అని ధడేల్మని పడేశారు. ఒకడు దానిమీద కూర్చుని చుట్ట కూడా కాల్చాడు. విప్పి చూస్తే లోపల అంతా పిండి. నీ ఉపాయం నిజమేనని ఒప్పుకుంటాను.

కానీ నువ్వు అబద్ధం ఎందుకాడావురా? ఆ టైల్స్ మీద ఎర్రసుద్ద లేదు, నల్లసుద్ద లేదు. కళ్లజోడు పెట్టుకునే చూశాను. ముక్కల్ని సందుల్లోంచి లాగి తిప్పి చూశాను. ఒక్క అక్షరం ఉంటే ఒట్టు. ఉండుంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఇంక నాకు ఓపిక లేదు. ఈ ఇంట్లో నిలవలేకపోతున్నాను. గది నుంచి గదికి తిరుగుతాను, ప్రతి గదిలోనూ ఏదో మర్చిపోయినట్టుంటుంది. నిన్న మీ అక్కే ఎదురుగా ఉందనుకుని సిమెంటు గోడకి రంగులు చూపించి, "నీ ఇష్టం, ఏదంటే అదే" అన్నాను. మేస్త్రీ విని పని ఆపేసి, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. టైల్స్ వద్దు, అద్దం వద్దు. మీ అక్కని పంపు. టైల్స్ లేకపోతే వట్టి గోడ ముందు కూర్చుంటాం. బస్సులో కిటికీ పక్కన సీటు చూడు. ఎండ తగలని వైపు. మెడకి ఆనుకోవడానికి ఏదైనా మెత్తటిది ఇవ్వు. తను లేకుండా నా వల్ల కావడం లేదని చెప్పు. ఇదొక్కటీ చెప్పకు అనను.

ఇట్లు,
బావ

తా.క.: తలుపు చాటున ఉంటే గట్టిగా చదువు.

*

బావగారికి నమస్కారాలు.

గట్టిగానే చదివాను. చివరి మాటలు నాతో మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాత ఉత్తరం తనే లాక్కుంది. అందుకని పైన మీరు నన్ను ఏమేం తిట్టారో ఇప్పుడు గుర్తు లేదు, బతికిపోయారు.

ఎర్రసుద్ద సంగతి తేలింది. నేను రాసింది నిజం, మీరు చూసింది నిజం. మధ్యలో తుడిచింది అక్క. ఆ రోజు చీర చెంగు ఎర్రగా ఉంటే ఏమిటని అడిగాను, నీకెందుకురా అంది. ఇవాళ ఒప్పుకుంది. "నాకోసం రారు. టైల్స్ పగిలితే పోట్లాడ్డానికైనా వస్తారనుకున్నా" అంది. ఆ పెట్టెలు మీకు చేరే రోజు నుంచీ పొద్దున్నే జడ వేసుకుని గోడౌన్ గుమ్మంలో కూర్చునేది బావా. తీరా వచ్చింది లారీ, అందులో మీరు లేరు. లోపలికి వెళ్లి మా చెంచాలు సర్దింది ఆ రోజే.

బస్సన్నారు, వినలేదు. అద్దం పట్టుకుని కూర్చునే మనిషి కావాలన్నాను కదా, దొరికింది. మెరుపు పక్క సీట్లో, ఒళ్లో దిండు పెట్టుకుని, దానిమీద అద్దం నిలబెట్టుకుని బయల్దేరింది. వెనక టైల్స్ లేతాకుపచ్చవి. బూడిదరంగువి స్టాకు లేవు, ఇకముందు కూడా ఉండవు.

హమాలీలని పిలవద్దట. మీరే వచ్చి దించుకోవాలట.

ఇట్లు,
చెంచాలు తిరిగి దక్కిన మీ బావమరిది

తా.క.: ఈసారీ పెట్టె మీద పగిలిన టైలు పెట్టాం. సుద్ద అక్క చేతికే ఇచ్చి, తుడవకుండా కాపలా కాశాను. తను రాసింది ఇది: "కింద క్షేమం. ముందు సీట్లో కోపం. నెమ్మదిగా దించుకోవలెను."