కీర్తన తిరిగిచ్చిన సాక్ష్యం

ఆగస్టు 10, ఆదివారం

నేను రాసిచ్చిన కాగితాన్ని మా సండేస్కూలు పిల్ల కీర్తన ఈ రోజు నా చేతిలోనే పెట్టేసింది. వచ్చే ఆదివారం మా పామర్రు చర్చిలో తనకు బాప్తిస్మం. అంతకు ముందు సంఘం ఎదుట నిలబడి, దేవుడు తన జీవితంలో ఏం చేశాడో సాక్ష్యం చెప్పాలి. పిల్లలు తడబడతారని సండేస్కూల్లో బాప్తిస్మం తీసుకునే ఆరుగురికీ నేనే రాసిచ్చాను. రాస్తున్నప్పుడు ఆ వాక్యాలు నాకెంత నచ్చాయో!

"పాపపు ఊబిలో కూరుకుపోయానని రాశావేంటక్కా? నాకు పదమూడేళ్లేగా, ఎప్పుడు కూరుకుపోయాను?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "మరి నువ్వేం చెప్తావే?" అన్నాను.

"నాన్నకి జబ్బు తగ్గాలని రోజూ ప్రార్థన చేశా. తగ్గలేదు. అయినా చేస్తూనే ఉన్నా, ఎందుకో నాకే తెలీదు. అలా చెప్తే బాప్తిస్మం ఇవ్వరా అక్కా?"

"చూద్దాంలే" అన్నాను. పొద్దుటి నుంచి పాఠాలు చెప్పి గొంతు పోయింది. ఒళ్లంతా నొప్పులు. అయినా ఆ "చూద్దాంలే" నిద్ర పట్టనివ్వడం లేదు.

రేపు సాయంత్రం పాస్టరుగారు సాక్ష్యాలు వింటారు. ఒప్పుకుంటారో లేదో...

పొద్దున్నే, కాలేజీ బస్సు రాకముందే కీర్తన వాళ్లింటికి వెళ్లాలి. చెప్పింది చెప్పినట్టే రాసుకోవాలి, ఒక్క మాటా దిద్దకుండా. ఆ కాగితంతో పాస్టరుగారి దగ్గరికి ముందు నేనే వెళ్తాను.