మస్తాన్ పట్టిన పగులు

ఆదివారం, నరసరావుపేట

ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ ఇంట్లో మస్తాన్‌కు ఇకపై రెండో కప్పు టీ నిషేధం.

అల్యూమినియం ఫ్యాక్టరీలో మా ఇద్దరిదీ కార్బన్ దిమ్మెలకు పగుళ్లున్నాయేమో చూసే పనే. నాలాగే సెలవుకు ఊరొచ్చిన వాడు ఇవాళ మా ఇంట్లో కూర్చుని, ఒక దిమ్మెలో వెంట్రుకంత పగులు పట్టినందుకు సారు తనను ఇన్‌ఛార్జి చేస్తున్నాడని చెప్పాడు.

"నీ కళ్ళే కళ్ళు మస్తానన్నా! మా ఆయనకి పప్పులో రాయి కూడా ఆనదు," అంది మా ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, పగులుందని దాని మీద ముందే సుద్దగీత పెట్టింది నేనేరా!" అన్నాను.

"అట్టనా అన్నా? నేను చూడలా. అయితే సారుకి నీ పేరే చెప్తా," అని అక్కడే ఫోన్ చేశాడు. నేను వద్దనలేదు.

సుద్దగీత నేను కల్పించిందే. ఆ దిమ్మెను ముందు చూసి, బాగుందని పంపింది మాత్రం నేనే.